నిన్న రాలేదేటి?

మా అబ్బాయి తన మీద తాను పెట్టుబడి పెట్టుకుంటున్నాడు. ఈ ముక్క నాది కాదు, వాడిదే. జిమ్ముకి ఏడాది చందా, ధ్యానం నేర్పే యాప్‌కి నెల చందా, నాలుగొందల పేజీల పుస్తకాన్ని పదిహేను నిమిషాల్లో చెవిలో ఊదేసే యాప్‌కి ఇంకో చందా. ఇవి కాక చేతికో గడియారం. అది గంటకోసారి వణికి "లేచి నిలబడు" అంటుంది. కన్నతండ్రి చెబితే లేవనివాడు దాని మాటకి లేస్తాడు. ఇంత ఖర్చు దేనికిరా అంటే, "ఖర్చు కాదు నాన్నా, ఇన్వెస్ట్‌మెంట్" అంటాడు. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ తప్ప నేను వేరే పెట్టుబడి ఎరగను. అక్కడైతే కట్టిన నెలకల్లా పాసుబుక్కులో ముద్ర పడుతుంది. వీడి పెట్టుబడి ఎక్కడ పెరుగుతోందా అని ఓ రోజు పరీక్షగా చూశాను. బెల్టు దగ్గర పెరుగుతోంది.

ఒక్క మావాణ్ణే ఆడిపోసుకోవడం దేనికి? మా అపార్ట్‌మెంట్ కిందే ఓ జిమ్ముంది. జనవరి ఒకటో తారీఖున అందులో కాలు పెట్టడానికి చోటుండదు. సంక్రాంతికి ఊళ్ళు వెళ్ళొచ్చేసరికి సగం పల్చబడుతుంది. శివరాత్రికి చలితోపాటు మిగతా సగం కూడా శివ శివా అంటూ వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ట్రెడ్‌మిల్లు మీద తువ్వాళ్ళు ఆరేసుకుంటారు. డబ్బు కట్టారు కదా, ఎందుకు వెళ్ళరని అడిగితే ఒకాయనకి మడమ నొప్పి, ఒకాయనకి ఆఫీసులో రిలీజు, ఒకావిడకి పిల్లల పరీక్షలు. నాకు తెలిసిన కారణం ఒకటే: వెళ్ళకపోతే అడిగేవాడు లేడు.

మా రోజుల్లో అడిగేవాళ్ళు మాత్రం నిక్షేపంలా ఉండేవారు.

మాది విజయనగరం. ఆ ఊళ్ళో పుట్టిన మగపిల్లాడికి తాలింఖానా తప్పేది కాదు. పెంకుటి సావిడి, మధ్యలో మట్టి గోదా, మూలగా రాతి గుండ్లు, కర్ర గదలు, గోడకి ఆంజనేయస్వామి పటం, దాని పక్కనే కోడి రామ్మూర్తినాయుడు గారి పటం. ఇద్దరికీ ఒకే దండ. రామ్మూర్తి 1882లో వీరఘట్టంలో పుట్టినా పెరిగింది మా ఊళ్ళోనే. ఉక్కు గొలుసులు తెంచాడు, ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్నాడు, సర్కస్ కంపెనీ పెట్టి దేశాలు తిరిగాడు. ఆయన శాకాహారి. మావాడి వంటింటి అటకమీద ఉన్న చాక్లెట్ వాసన పొడి డబ్బాలు ఆయన కలలో కూడా చూసి ఉండడు. ఇంకో సంగతి. మద్రాసు వెళ్ళి వ్యాయామ శిక్షణ పొందివచ్చి, తాను చదువుకున్న బడిలోనే పిల్లలకి వ్యాయామం నేర్పాడు. నేర్చుకున్నది తెచ్చి ఊరికి అప్పజెప్పాడన్నమాట. ఈ ముక్కకి మళ్ళీ వస్తాను.

మా తాలింఖానా గురువు గారికి పగలు కట్టెల అడితి. తెల్లవారకముందే వచ్చి దీపం పెట్టేవారు. దండీలు, బస్కీలు, తర్వాత గోదాలో కుస్తీ, పండగలొస్తే కర్రసాము. ఫీజు లేదు. విజయదశమికి కొబ్బరికాయ, తాంబూలం, ఇచ్చుకోగలిగినవాడు ఓ పంచె. అంతే. కానీ ఒక్కరోజు ఎగ్గొడితే చాలు, మర్నాడు గుమ్మంలోనే ఆపేవారు. "ఏట్రా గుంటడా, నిన్న రాలేదేటి?" జొరం అంటే నుదురు ముట్టుకుని చూసేవారు. రెండోరోజూ వెళ్ళకపోతే సాయంత్రం సైకిలేసుకుని ఇంటికే వచ్చి మా అమ్మనడిగేవారు. ఆ తర్వాత ఇంట్లో పడే తిట్లకంటే గుంజీలే నయం. అందుకని వెళ్ళేవాళ్ళం. మాకేదో పట్టుదల ఉందని ఎవరూ అనుకోవద్దు. తప్పించుకునే దారి లేక బలపడిన తరం మాది.

ఇప్పుడు గడియారం అడుగుతోంది కదా అంటారు. అది అడగదు, లెక్కపెడుతుంది. పదివేల అడుగులు పూర్తి కాలేదని మావాడు రాత్రి పదకొండింటికి హాల్లో సోఫా చుట్టూ ప్రదక్షిణలు చేస్తాడు. ఈ పదివేల అంకె ఏ ధన్వంతరి చెప్పాడోనని విచారిస్తే తేలిందేమిటంటే, 1964 టోక్యో ఒలింపిక్స్ వేడిలో జపాన్ వాళ్ళకి నడక మీద మోజు పుట్టింది. మరుసటేడు అక్కడి కంపెనీ ఒకటి అడుగులు కొలిచే యంత్రాన్ని ఆ అంకె పేరుతో అమ్మింది. గుండ్రంగా, నోటికి అందేలా ఉందని లోకమంతా పట్టుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వేరు. పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చేలా ఒళ్ళు కదిలితే చాలంటుంది. రోజుకి అరగంట కూడా పడదు. కూరగాయల బజారుకి నడిచి వెళ్ళి సంచీ మోసుకొస్తే తీరిపోతుంది. కానీ కూరగాయలు పది నిమిషాల్లో గుమ్మంలోకి వస్తాయి. అలా మిగిలిన అరగంటలో సోఫా ప్రదక్షిణం.

తిండి గొడవ ఎత్తితే కోడలు నొచ్చుకుంటుంది గానీ, ఒక్క మాట అని వదిలేస్తాను. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక మా ఇంట్లో చోళ్ళకి గౌరవం వచ్చింది. ఇక్కడ హైదరాబాదులో రాగులంటారు. మా చిన్నప్పుడు చోడంబలి పొలం పనికి వెళ్ళేవాడి తిండి. తాగేవాడిని తక్కువగా చూసేవారు. ఇప్పుడు అదే అంబలి గాజు సీసాలో పోసి, మీద ఓ కొత్తిమీర ఆకు వేసి, కూలివాడి రోజు తిండి ఖర్చుకి తగ్గకుండా అమ్ముతున్నారు. తాగేవాళ్ళు ఫోటో తీసుకుని మరీ తాగుతున్నారు.

అసలు సంగతికొస్తాను. మనిషి బాగుపడటం అతని సొంత వ్యవహారమని మా ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. అది ఊరి పని. మహారాజా వారు 1919లో సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు, ఆ తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. కృష్ణా జిల్లా నుంచి ఓ కుర్రాడు, తండ్రి లేనివాడు, వేలి ఉంగరం అమ్ముకుని సంగీతం నేర్చుకుందామని మా ఊరొచ్చాడు. తిండికి జోలె పట్టి మధూకరం ఎత్తాడు. మా ఊరి ఇల్లాళ్ళు అన్నం పెట్టారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు విద్య పెట్టారు. ఆ కుర్రాడే ఘంటసాల వెంకటేశ్వరరావు. మరి అప్పుడు ఆ అబ్బాయి మీద పెట్టుబడి పెట్టిందెవరు? ఉంగరం అతనిది, సరే. మిగతాదంతా ఊరిది. ఆ అన్నం ముద్దలకి వడ్డీ తెలుగువాళ్ళు ఇప్పటికీ తింటున్నారు. ఏ ఇల్లాలూ తన వాటా అడగలేదు.

వారాలు చేసుకుని చదువుకున్నవాళ్ళు మా వీధిలోనూ ఉండేవారు. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట భోజనం. అక్కడా ఇదే ప్రశ్న. "నిన్న భోజనానికి రాలేదేం బాబూ? పరీక్ష ఎలా రాశావు?" ఏడు ఇళ్ళవాళ్ళు వాడి మార్కులు అడిగేవారు. తప్పితే ఏడు ఇళ్ళలో మొహం చూపించలేడు. ఇప్పుడు ఆన్‌లైన్ కోర్సులని కొంటున్నారు. మావాడు కొన్నవాటిలో చాలావరకు మూడో పాఠం దగ్గర ఆగిపోయి ఉన్నాయి. ఆ కోర్సు అమ్మినవాడికి వీడు ఆగిపోయాడన్న దిగులు లేదు. వాడికి ఇంకో కోర్సు అమ్మే పనుంది.

ఇక పుస్తకాలు. 1914లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షులు, వెనకాల నడిపించింది అయ్యంకి వెంకటరమణయ్య గారు. అంతకుముందే, 1901లో, నిజాం రాజ్యంలో హైదరాబాదు తెలుగువాళ్ళు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టుకున్నారు. అది సుల్తాన్ బజారు దగ్గర ఇప్పటికీ ఉంది. వేటపాలెం వాళ్ళు 1918లో సారస్వత నికేతనం పెట్టారు. పాతూరి నాగభూషణం గారైతే 1935లో పడవకి పుస్తకాలెక్కించి కృష్ణా డెల్టా కాలువల వెంట ఊరూరా తిప్పారు. చదవడం రానివాళ్ళకి చదివి వినిపించారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు వయోజన విద్య అంటూ జీవితమంతా తిరిగారు. వీళ్ళెవరూ "నీ మీద నువ్వు పెట్టుబడి పెట్టుకో" అని ఎవరికీ చెప్పలేదు. జనం బాగుపడితే దేశం బాగుపడుతుందని నమ్మి, చందాపుస్తకం చంకన పెట్టుకుని గుమ్మం గుమ్మం ఎక్కారు.

మా ఊరి గ్రంథాలయంలో పేపరు పూర్తిగా ఒకరికి దక్కేది కాదు. ఆటల పేజీ ఒకడి చేతిలో, సినిమా పేజీ ఇంకొకడి చేతిలో, సంపాదకీయం మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉండేది. అందువల్ల నేను సంపాదకీయాలు చదవడం నేర్చుకున్నాను. గ్రంథపాలకుడు గారికి ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారో నోటికి వచ్చు. డిటెక్టివ్ నవలలు వరసగా నాలుగు పట్టుకెళితే ఐదోసారి ఆయనే ఓ శరత్ నవల చేతిలో పెట్టి, "ఇది కూడా చదివి తగలడు" అనేవారు. తిరిగిచ్చేటప్పుడు ముద్ర వేసే ముందు కళ్ళజోడు మీదుగా చూసి "ఎలా ఉంది?" అని అడిగేవారు. చదవకుండా తిరిగిస్తే దొరికిపోయేవాళ్ళం. తర్వాతి కాలంలో వచ్చిన యండమూరి 'విజయానికి ఐదు మెట్లు' సైతం మావాళ్ళు చాలామంది గ్రంథాలయంలోనో, అద్దె పుస్తకాల కొట్లోనో, పక్కింటివాడి దగ్గరో తెచ్చుకుని చదివినవాళ్ళే. ఒక్క పుస్తకంతో వీధివీధి అంతా మెట్లెక్కింది. ఇప్పుడు ఎవడి మెట్లు వాడివి, ఎవడి చెవి వాడిది.

సాయంత్రాలు ఖాళీగా ఉండనిచ్చేవారా? టైపు ఇన్‌స్టిట్యూట్. వేళ్ళు విరిగేలా ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్ కొట్టాలి. మాస్టారు వెనక నిలబడి, అక్షరాలు చూస్తే నెత్తిన మొట్టేవారు. లోయరు పరీక్షకి నిమిషానికి 30 మాటలు, హయ్యరుకి 45. ఆ వేళ్ళతోనే నాకు ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో ఇన్‌స్టిట్యూట్‌కి గడియారం కొనిచ్చినవాళ్ళున్నారు, తాలింఖానాకి ఇనుపబారు చేయించినవాళ్ళున్నారు, గ్రంథాలయానికి బీరువా ఇచ్చినవాళ్ళున్నారు. రామ్మూర్తిలాగే, బాగుపడినవాడు ఊరి బాకీ తీర్చడం ఓ మర్యాద. ఇన్‌స్టిట్యూట్ పక్కనే హిందీ పండితుడు గారి అరుగు. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు, ప్రాథమిక నుంచి ప్రవీణ దాకా. పైసా తీసుకోకుండా చెప్పేవారు. ఎగ్గొడితే ఆయన మాత్రం తిట్టేవారు కాదు. "క్యోం భాయీ, కల్ నహీ ఆయే?" అని మర్యాదగా అడిగేవారు. తిట్టడం కంటే అది ఘోరం.

ఇదంతా విని మా మనవరాలు ఓ ప్రశ్న వేసింది. "తాతగారూ, మీ తాలింఖానాలో అమ్మాయిలుండేవారా?" లేరు. మా అక్కయ్యకి నా కంటే ఒళ్ళు బలం ఎక్కువ, నా కంటే చదువు మీద ఇష్టమూ ఎక్కువ. అయినా గోదా గుమ్మం దాటలేదు. టైపుకి పంపడానికే ఇంట్లో పెద్ద సభ జరిగింది. వారాల భోజనాలూ ఏ కులం పిల్లాడికి ఏ గుమ్మం తెరుచుకుంటుందన్న లెక్క మీదే నడిచేవి. జోలె పట్టుకోవడానికి కూడా అర్హత లేని పిల్లలు మా ఊళ్ళోనే ఉన్నారు. ఆరోగ్యం మాటకొస్తే, మా వైపు ఆడవాళ్ళు చుట్ట నిప్పు నోట్లోకి తిప్పి అడ్డపొగ తాగేవారు. దాంతో అంగిట్లో క్యాన్సరు వచ్చి పోయినవాళ్ళున్నారు. అది తలరాత అనుకున్నారు. మనసు బాగాలేదని ఎవరైనా అంటే భూతవైద్యుడి దగ్గరికి, అదీ కాకపోతే విశాఖపట్నం పెద్ద వాల్తేరు ఆసుపత్రికి. ఆ ఆసుపత్రి పేరు మాకు ఎగతాళి మాట. ఇక్కడ హైదరాబాదులో ఎర్రగడ్డ పేరుదీ అదే గతి. మనిషి కుమిలిపోతున్నా "నిన్న రాలేదేటి" అని అడిగే మేము, "నిన్న ఏడ్చావేటి" అని మాత్రం అడగలేదు. ఈ విషయంలో ఇప్పటి పిల్లలే నయం. మనసుకి జబ్బు చేస్తుందనీ, దానికి డాక్టరుంటాడనీ సిగ్గుపడకుండా చెబుతున్నారు.

అక్కడా నా సణుగుడు ఒకటుంది. ప్రభుత్వం 2022లో టెలి మానస్ అని పెట్టింది. 14416 అని నొక్కితే మన భాషలోనే మాట్లాడే మనిషి దొరుకుతాడు, పైసా ఖర్చులేదు. మా అపార్ట్‌మెంట్లో ఎంతమందికి తెలుసని వాకబు చేశాను. వాచ్‌మన్‌కి తెలుసు. యాప్‌కి నెల నెలా చందా కట్టేవాళ్ళెవరికీ తెలియదు. డబ్బు తీసుకోనిదానికి ప్రకటన ఉండదు మరి.

అలాగే ఇంకోటి. ఇంటి పన్ను కడుతున్నారు కదా, దాని మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద వసూలయ్యే సొమ్ము. అంటే సొంత ఇల్లున్న ప్రతివాడూ తెలిసో తెలియకో ఏటా తన ఎదుగుదల మీదా, పక్కవాడి ఎదుగుదల మీదా పెట్టుబడి పెడుతూనే ఉన్నాడు. మావాడికి ఈ సంగతి చెబితే రసీదు వెతుక్కున్నాడు. చాలా మున్సిపాలిటీలు ఆ సొమ్ము వసూలు చేసుకుని గ్రంథాలయ సంస్థలకి ఏళ్ళ తరబడి జమ చెయ్యవు. పేపర్లలో వస్తూనే ఉంటుంది. జిమ్ములో ఏసీ పనిచెయ్యకపోతే వాట్సాప్ గ్రూపు దద్దరిల్లిపోతుంది. ఈ 8 పైసల గురించి ఒక్కడూ నోరెత్తడు.

మావాడి తరఫునా ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. మా ఆఫీసు ఐదింటికి మూసేవారు, ఇల్లు సైకిల్‌కి కూతవేటు దూరం. వీడు ట్రాఫిక్‌లో పోనూ రానూ రెండు గంటలు నలిగి, ఇంటికొచ్చాక అమెరికావాళ్ళకి తెల్లవారిందని మళ్ళీ మీటింగుల్లో కూర్చుంటాడు. వాడికి తాలింఖానాకి వెళ్ళే తీరిక ఎవరిచ్చారు? వాడి వేళలన్నీ కంపెనీ తీసేసుకుని, చివరికి మిగిలిన అరగంటలో వాడి బాగోగులు వాణ్ణే చూసుకోమంది. అలసిపోయింది నీ లోపమేనంటూ ఓ కోచ్‌ని కూడా పెడుతోంది. ఆదివారం ఓ పెద్ద హోటల్లో వ్యక్తిత్వ వికాస సదస్సు అని వెళ్ళి, నీలో సింహం నిద్రపోతోందని విని వచ్చాడు. వచ్చి వాడే నిద్రపోయాడు. నాకు సదస్సు మీద కోపం వచ్చింది గానీ వాడి నిద్ర మీద రాలేదు.

కాబట్టి చందాలన్నీ మానెయ్యమని నేను చెప్పను. చెప్పినా వినరు. మీరు రాకపోతే అడిగే మనిషిని ఒకణ్ణి సంపాదించుకోండి. డబ్బు పుచ్చుకుని అడిగేవాడు పనికిరాడు. మీరు వస్తే తనకి సంతోషం, రాకపోతే తనకి లోటు అనిపించేవాడు కావాలి. అలాంటివాడు దొరకాలంటే ముందు మీరు ఇంకొకరిని అడగాలి. నేను మొదలుపెట్టాను. పొద్దున్నే పార్కులో నడిచేవాళ్ళలో ఎవరు మానేసినా, సాయంత్రం లిఫ్టులో పట్టుకుని "నిన్న రాలేదేటి?" అంటున్నాను. ఫలితం మిశ్రమం. నాలుగో అంతస్తు బ్యాంకు మేనేజరు గారు నాకు భయపడి మెట్లెక్కి వెళుతున్నారు. ఆయన వ్యాయామానికి అదీ పనికొస్తుంది. ఇద్దరు మాత్రం మళ్ళీ నడకకి వస్తున్నారు. మా అబ్బాయి పొద్దున్న లేవడు గానీ, శనివారాలు నాతో గ్రంథాలయానికి వస్తానని ఒప్పుకున్నాడు. తను కట్టిన 8 పైసలు ఎక్కడున్నాయో చూసుకోవాలట.

మీరూ వెళ్ళండి. సభ్యత్వం కట్టండి, పుస్తకం తీసుకోండి, కొత్త పుస్తకాలు ఎందుకు రాలేదని అడగండి, మున్సిపాలిటీ సెస్సు జమ చేసిందా లేదా అనీ అడగండి. పక్కింటి కుర్రాణ్ణి వెంటబెట్టుకెళ్ళండి. శుక్రవారం మాత్రం వెళ్ళకండి, వాళ్ళకి సెలవు.